తొక్కి పూడ్చిన గుంటలు

నా చిన్నప్పుడు గుట్టల మీది ఊళ్ళను చూడ్డానికి సరదాగా ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. పనిబడితే ఎక్కేవాళ్ళు, పని కాగానే దిగేవాళ్ళు. ఇప్పుడు మా మనవరాళ్ళు రెండు రోజులు సెలవు దొరికితే చాలు, కారేసుకొని ఏదో ఒక గుట్ట మీది పల్లెకు వెళ్ళి, అక్కడి రాతి గోడల ముందు నిలబడి ఫొటోలు తీసుకొని వస్తారు. ఎంత బాగుందో అని నాకు చూపిస్తారు. బాగానే ఉంటుంది, కాదనను. నేనూ పదేళ్ళ వయసులో ఎడ్లబండి మీద పదకొండు రోజులు తిరిగి అలాంటి ఊళ్ళు మూడు చూశాను. ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అందం కాదు, నడుము నొప్పి.

మాది మెండోర వైపు గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. పోచంపాడు దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. కట్ట లేస్తే మా ఊరు నీళ్ళ కిందికి పోతుందని, వానలు మొదలయ్యేలోగా ఇళ్ళు విప్పుకొని కదలమని చెప్పారు. సర్కారు వాళ్ళు మైదానంలో ఇళ్ళ జాగాలు చూపించారు. ఊళ్ళో చాలామంది అక్కడికే వెళ్ళడానికి సిద్ధపడ్డారు. మా తాత మాత్రం ఆ జాగా వైపు తలతిప్పి కూడా చూడలేదు. నీళ్ళు ఒకసారి వెంటపడ్డాయంటే మళ్ళీ పడతాయని, ఈసారి ఇల్లు కడితే నీళ్ళు ఎక్కలేని చోటే కడతానని ఒకటే పట్టు. నీళ్ళు ఎక్కలేని చోటంటే గుట్ట తప్ప ఇంకేముంది?

ఆ పట్టుతోనే అంతకు ముందు ఏడు ఒక్కడే బండి కట్టుకొని వెళ్ళి, ఏ ఊరూ నచ్చలేదని పదిహేను రోజులకు తిరిగి వచ్చాడు. ఈ ఏడు అలా కుదరదు. మా ఇంటి పెంకులు అప్పటికే సగం దించేశారు. వంటింటి మీద ఆకాశం కనిపించేది. మా అమ్మకు అయిదో నెల. మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనిలో ఉన్నాడు, గానుగ ఆగేదాకా రాలేడు. వానలు పడే నాటికి ఒక కప్పు దొరక్కపోతే మా అమ్మ ఏ పశువుల కొట్టంలోనో కనాల్సి వస్తుందని మా అవ్వ రోజూ అనేది. అనడమే కాదు, అంటూ కళ్ళు తుడుచుకునేది. అందుకే ఈస్టరు పండుగ వెళ్ళిన వారానికి తాత మళ్ళీ బండి సిద్ధం చేస్తుంటే, అవ్వ నన్ను కూడా ఎక్కించింది.

నన్ను పంపడానికి ఒక కారణం ఉంది. తాతకు దూరపు చూపు మసకబారింది. చేతికందేంతలో ఉన్నవి కనిపించేవి, అవతలివన్నీ పొగలాగే ఉండేవి. దారిలో ఏముందో, గుట్ట మీద ఎన్ని ఇళ్ళున్నాయో, చెట్లు ఏ వైపున ఉన్నాయో నేను చూసి చెప్పాలి. బండి కదిలే ముందు అవ్వ తాత ముందుకొచ్చి నిలబడి, "ఈసారి వట్టిచేతులతోటి వస్తే నీకు బువ్వ పెట్ట. ఎక్కడో ఒక్కకాడ ఖాయం జేసుకొనే రా" అంది. తాత ఎడ్ల మెడలు నిమురుతూ వినపడనట్టే ఉన్నాడు.

మాది మెథడిస్టు కుటుంబం. తాత కళ్ళు మూసుకొని పెద్దగా ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక, గడ్డపార, పార, నల్ల గొంగడి తెచ్చి బండిలో పడేశాడు. ఆ మూడూ మట్టి పరీక్షకు. మా వైపు పాతకాలపు మనుషులు కొత్త జాగాలో ఇల్లు కట్టే ముందు ఒక మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంట తవ్వేవాళ్ళు. తవ్విన మట్టినంతా గొంగడి మీద పోసి, మళ్ళీ అదే గుంటలో పూడ్చేవాళ్ళు. మట్టి మిగిలితే ఆ జాగాలో ఇల్లు నిలుస్తుంది. తక్కువపడితే ఆ జాగా మనుషుల్ని గుంజుకుంటుంది, అక్కడ ఉండకూడదు. మా పాస్టరయ్య ఇది విని ఒకసారి నవ్వితే, మట్టిని చేసింది కూడా దేవుడే కదా అని తాత ఆయన నోరు మూయించాడు.

మొదటిరోజు నాకు ఎంత సంబరమో! ముప్కాల్ దాటేదాకా నోరు మూయలేదు. తాతా, అదిగో ఎర్రబస్సు, అదిగో కొంగలు, అదిగో ఎవరిదో పెళ్ళి బండి అని వరసగా చెప్పేదాన్ని. తాత ప్రతిదానికీ ఊఁ కొట్టేవాడు. రెండోరోజుకు ఎండ నెత్తికెక్కింది. బండి గాడిలో పడి లేచినప్పుడల్లా నా పళ్ళు టకటకమనేవి. కింద పరిచిన గడ్డి అంతా పక్కలకు జరిగిపోయి పలకలు గుచ్చుకునేవి. ఆర్మూరు గుట్టలు కనిపించే వేళకు నేను ఒక్కో మాటకు దిగాను. చెట్టు. రాయి. లారీ. ఏం చెట్టు అని తాత అడిగితే, చెట్టే అనేదాన్ని. అలసిపోయిన పిల్లను కసరలేక తాత ఎడ్లను అదిలించేవాడు.

మొదటి ఊరు ఆర్మూరు దాటాక ఒక రాళ్ళ గుట్ట మీద ఉంది. బండరాళ్ళను తెచ్చి ఎవరో కుప్ప పోసి, ఆ కుప్ప సందుల్లో ఇళ్ళు ఇరికించినట్టు ఉంది. తాత దోస్తు ఒకాయన ఆ ఊళ్ళో ఉండేవాడు. ఇద్దరిదీ ఒక ఈడే. ఆయన మమ్మల్ని చూసి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. ఊరంతా తిప్పాడు, రాతి దొనలో ఊరే నీళ్ళు చూపించాడు, ఊరి పెద్దలతో ముందే మాట్లాడి ఉంచిన జాగా చూపించాడు. నేను గట్టు మీద నిలబడి కనిపించినవన్నీ చెప్పాను. మేకలు, తాటిచెట్లు, దూరంగా చెరువు మెరుపు. చెరువు అనగానే తాత ముఖం ముడుచుకుపోయింది.

తెల్లవారాక తాత గుంట తవ్వాడు. తవ్వడంలో అతనికి ఎవరూ సాటిరారు. నాలుగు వైపులా గోడలు గీత గీసినట్టు ఉండేవి. మట్టినంతా గొంగడి మీదికి ఎత్తాడు, ఒక్క పిడికెడు కూడా పక్కకు పోనివ్వలేదు. తర్వాత పూడ్చడం మొదలుపెట్టాడు. ఒక వరస మట్టి పోసి గుంటలోకి దిగి మడమతో తొక్కేవాడు. మళ్ళీ ఒక వరస, మళ్ళీ తొక్కడం. పని అయ్యేసరికి గొంగడి మీద మట్టి లేదు, గుంట మాత్రం ఇంకా జానెడు లోతుంది. తాత చేతులు దులుపుకొని, ఇక్కడ ఇల్లు నిలవదు అన్నాడు. ఆయన దోస్తు ఒకసారి గుంట వైపు, ఒకసారి తాత మడమ వైపు చూశాడు. మేం బండెక్కుతుంటే మా చేతిలో జొన్నరొట్టెల మూట పెట్టి, ఎడ్ల వెంట కొంతదూరం నడిచి ఆగిపోయాడు.

అక్కడి నుంచి నిజామాబాదు చేరడానికి రోజున్నర పట్టింది. పట్నంలో ఒక ఎద్దుకు నాడా ఊడితే వేయించుకోవడానికి ఆగాం. ఆ వీధిలో ఆడవాళ్ళు అరుగుల మీద వరసగా కూర్చొని, ఒళ్ళో చేటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. ఒకామె చేతులు ఆపకుండానే నన్ను పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడిగింది. ఊరు వెతకడానికి పోతున్నాం అన్నాను. ఆమె పక్కామెతో, ఎడ్లను వెతుకుతరు, పెండ్లికి పిల్లను వెతుకుతరు గని ఊరిని వెతుకుడేందే అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తాతకు రాలేదు.

రెండో ఊరు పట్నానికి దక్షిణాన అడవి గుట్టల మీద ఉంది. మా అవ్వ వైపు దూరపు చుట్టాలుండే ఊరు. నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత అందమైన ఊరు మళ్ళీ చూడలేదు. ఎర్రమట్టి గోడలు, ఇంటింటికీ సొరపాదు, ఊరి చుట్టూ ఇప్పచెట్లు. పొద్దున్నే పిల్లలంతా బుట్టలు పట్టుకొని చెట్ల కింద రాలిన ఇప్పపూలు ఏరేవాళ్ళు. ఆ వాసనకు తల తిరిగినట్టుండేది. చుట్టాల ఇంటి పక్కింటి అక్క ఒకతె నన్ను తన వెంట తీసుకెళ్ళి, నువ్వు ఇక్కడికొస్తే ఈ చెట్టు నీది అని ఒక చెట్టు చూపించింది. నాకు ఒక చెట్టు ఉంటుందని అప్పటిదాకా నేననుకోలేదు. పరుగెత్తుకొచ్చి తాతకు అన్నీ చెప్పాను. ఆ ఊరి గురించి ఒక్కో మాట కాదు, నూరు మాటలు చెప్పాను. చెరువులు లేవు, కాలువ లేదు, నీళ్ళ జాడ ఎక్కడా కనిపించడం లేదని మరీ మరీ చెప్పాను.

తాత గుంట తవ్వాడు. వరస వరసకూ మడమతో తొక్కి పూడ్చాడు. మళ్ళీ జానెడు తక్కువ.

నేను ఆ గుంట పక్కన కూలబడి ఏడ్చాను. సిగ్గులేకుండా, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఏడ్చాను. చుట్టాలామె నన్ను లేపబోయింది, నేను లేవలేదు. తాత కొంచెం దూరంలో నిలబడి గొంగడి దులుపుతూ ఉన్నాడు. ఎంతసేపు దులిపాడో! దుమ్మంతా పోయాక కూడా దులుపుతూనే ఉన్నాడు. మట్టి తక్కువైతే తాత మాత్రం ఏం చేస్తాడని నాకు నేనే చెప్పుకొని చివరికి బండెక్కాను. ఆ రోజంతా అతనికి దారి చెప్పలేదు. ఎదురుగా లారీ వచ్చినా చెప్పలేదు. ఎడ్లే తప్పుకున్నాయి.

మిగిలింది ఒక్క ఊరు. అది మా బాపు చెప్పి పంపిన ఊరు. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసే ఒకాయన తల్లి అక్కడ ఒంటరిగా ఉంటుంది, వర్ని వైపు గుట్ట మీద. కాలువ పొలాలకు దగ్గర గనుక తాత దాన్ని చిట్టచివరికి నెట్టాడు. పట్నం నుంచి పడమరగా రెండు రోజులు ప్రయాణం. ఆ రెండు రోజులూ కాలువ మా పక్కనే నడిచింది. యాసంగి వరి కోతకొచ్చింది. చెరుకు బండ్లు ఎదురయ్యేవి, వాటి నుంచి రాలిన ముక్కలు దారిలో దొరికేవి. ఒక ముక్క తాతకిచ్చాను. పళ్ళు లేక కాసేపు చప్పరించి పారేశాడు. నీళ్ళ గలగల వినిపించినప్పుడల్లా అతను కబుర్లు ఆపేసేవాడు. అతనికి కనిపించదు గాని వినిపిస్తుంది కదా.

గుట్ట కిందికి చేరేసరికి ఎడ్లు నురగలు కక్కుతున్నాయి. బండి పైకి ఎక్కదన్నారు. ఒక రైతు కొట్టంలో ఎడ్లను కట్టేసి, గడ్డపార, పార తాత భుజాన, గొంగడి నా నెత్తిన పెట్టుకొని ఎక్కాం. తాత ఇరవై అడుగులకొకసారి ఆగేవాడు. ఆగినప్పుడల్లా, ఏం కనబడుతుందే అని అడిగేవాడు. అడగడానికి ఆగుతున్నాడా, ఊపిరి కోసం ఆగి అడుగుతున్నాడా అని నాకు అనుమానం. నాకూ కాళ్ళు లాగుతున్నాయి. ఏమీ కనబడతలేదు తాతా, రాళ్ళే అన్నాను. నిజానికి చుట్టూ చాలానే ఉంది. చెప్పే ఓపిక నాకు లేదు.

పైన పాతిక ఇళ్ళు. మేం వెతుక్కుంటూ వెళ్ళిన ముసలామె వాకిట్లో మేకల దొడ్డి, దాని పక్కన ఖాళీ జాగా. కొడుకు చెప్పి పంపాడట, రెండు రోజులుగా మా కోసం ఎదురుచూస్తోంది. పొద్దు వాలుతుండగా ఆమె నన్ను గట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. కింద కాలువ పొలాలు పచ్చగా పరుచుకొని ఉన్నాయి. వాటికి అవతల, చాలా దూరంలో, సన్నగా ఒక పొగ పైకి లేస్తోంది. అది బోధన్ ఫ్యాక్టరీ పొగే అని ఆమె చెప్పింది. తాత దగ్గరికి వచ్చి, "తాతా, బాపు ఉన్నకాడి పొగ కనబడుతున్నది" అన్నాను. తాత ఆ వైపు ముఖం తిప్పి చాలాసేపు నిలబడ్డాడు. అతనికి ఏ పొగా కనిపించదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే తాత గుంట తవ్వాడు. గట్టి మొరం నేల, గడ్డపార పడితే నిప్పురవ్వలు లేచాయి. గుంట పూర్తయ్యేసరికి అతనికి నడుము పట్టేసింది. పైకి లేవలేక పక్కనున్న రాతి మీద కూర్చొని, "నువ్వు పూడ్చు బిడ్డా. నేను జేసినట్టె జెయ్యి" అన్నాడు. నేను అతను చేసినట్టే చేశాను. ఒక వరస పోసి మడమతో తొక్కాను, మళ్ళీ పోసి మళ్ళీ తొక్కాను. గొంగడి ఖాళీ అయ్యింది. గుంట ఇంకా నాలుగు వేళ్ళ లోతుంది.

ఆ నాలుగు వేళ్ళ లోతు చూస్తుంటే నాకు కళ్ళు తిరిగాయి. మళ్ళీ బండి, మళ్ళీ ఎండ, మళ్ళీ ఆకాశం కనిపించే వంటిల్లు. అమ్మ గుర్తొచ్చింది. అవ్వ తాతకు నిజంగానే బువ్వ పెట్టదేమోననిపించింది. తాత నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు, తనకు కనిపించని పొలాల వైపు చూస్తూ. నేను చప్పుడు చేయకుండా మేకల దొడ్డి దగ్గరికి వెళ్ళి, గోడ వారగా ఉన్న మట్టిని పారతో ఎత్తి తెచ్చి గుంటలో పోశాను. చాలలేదు. ఇంకో పారెడు తెచ్చాను. గుంట నిండి పైన కుప్పయింది. చేతులు పావడాకు తుడుచుకొని, "తాతా, మిగిలింది!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తాత వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుప్ప మీద అరచేయి పెట్టాడు. ఒక పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అందులోంచి నల్లటిది ఏదో ఏరి నా ముందు పెట్టాడు. మేక పెంటిక. "మూరెడు లోతులకెళ్ళి మేక పెంటిక లేసి వచ్చిందా?" అన్నాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. ఇంటి పునాది కోసం పెట్టే పరీక్షలో మోసం చేసిన పిల్లను ఎవరైనా కొడతారు. తాత కొట్టలేదు. నేను కళ్ళు తెరిచేసరికి అతను తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. తర్వాత, "తియ్యి. అంత తియ్యి. గా దొడ్డి మన్ను అవతల పారెయ్యి" అన్నాడు. నేను గుంటంతా మళ్ళీ తవ్వాను. పైన పోసిన నల్లమట్టిని ఏరి పారేసి, గుంటలోని ఎర్ర మొరమంతా గొంగడి మీద పోశాను. చేతులు బొబ్బలెక్కాయి.

"ఇప్పుడు పొయ్యి. తొక్కకు" అన్నాడు తాత.

నేను పోశాను. సగం మట్టికే గుంట చాలావరకు నిండినట్టు కనిపించింది. ఇంకా పోశాను. అంచుదాకా వచ్చింది. అంచు దాటి కుప్పయింది. గొంగడి మీద ఇంకా నాలుగు దోసెళ్ళ మట్టి ఉంది. నేను ఆ మట్టిని, గుంటను, తాతను మార్చి మార్చి చూశాను.

"మన్ను తవ్వితే ఉబ్బుతది బిడ్డా. బావులు తవ్వెటోళ్ళను ఎవ్వరినడిగినా జెప్తరు. తొక్కకుంటే మిగుల్తనే ఉంటది. నాకు నేర్పిన మా తాత తొక్కుమని జెప్పలే." అతను ఆగాడు. "ఆ రెండూళ్ళల్ల గూడ మిగులుతుండె."

ముందు నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, పార అవతలికి విసిరేశాను. నా ఇప్పచెట్టు గుర్తొచ్చింది. ఆ గుంట పక్కన కూర్చొని నేను ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చింది. అతను నా కళ్ళ ముందే తొక్కాడు. ఏదీ దాచలేదు. దారిపొడవునా అతనికి అన్నీ చూసి చెప్పిన దాన్ని, ఆ మడమను మాత్రం చూసి కూడా పద్ధతి అదే కాబోలు అనుకున్నాను. ఎందుకు తొక్కావని అడిగాను. అడిగానా, అరిచానా గుర్తులేదు.

తాత గొంగడి అంచు మడుస్తూ, "నాకు యాడికి పోబుద్ధి అయితలేదు" అన్నాడు.

పెద్దవాళ్ళు అలాంటి మాట అనడం నేనెప్పుడూ వినలేదు. నాకు బడికి పోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు, అవి పిల్లల మాటలు. తాత ఎడ్లను, మనుషులను, గోదావరి వరదను అదిలించిన మనిషి. ఆ మనిషి ఒక గుట్ట మీద పరాయివాళ్ళ దొడ్డి పక్కన కూర్చొని, పదేళ్ళ పిల్లతో ఆ మాటన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక, ఉన్న నిజమే చెప్పాను, "నేను అలసిపోయిన తాతా" అని.

"నేను గూడ బిడ్డా" అన్నాడు.

ముసలామె రెండు గిన్నెల్లో అంబలి తెచ్చిపెట్టి మేకలను తోలుకొని వెళ్ళిపోయింది. మేం తాగాం. తాగాక తాత, ఇక్కడ ఉందామా అని నన్నే అడిగాడు. అది మంచి ఊరో కాదో నాకు తెలియదు. పక్కింటి అక్క లేదు, నాకొక చెట్టు లేదు. పొగ మాత్రం కనిపిస్తుంది. ఉందాం అన్నాను. తాత గొంగడి మీద మిగిలిన నాలుగు దోసెళ్ళ మట్టిని తన తువ్వాలులో మూట కట్టుకున్నాడు. అవ్వకు చూపించాలట. తొక్కిన సంగతి ఆమెకు చెప్తావా అని నన్ను అడిగాడు, నా ముఖం చూడకుండా. చెప్పనని మాటిచ్చాను.

మేం తిరిగి ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తాత తువ్వాలు మూట అవ్వ చేతిలో పెట్టి, ఎడ్లను కట్టేయడానికి వెనక్కి వెళ్ళాడు. అవ్వ మూట విప్పి ఆ ఎర్రమట్టిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కొని, ఎవరికీ వినిపించకుండా, "ఈసారి తొక్కలేదా?" అని అడిగింది. నేను మాటిచ్చాను కదా, నోరు విప్పలేదు. లేదన్నట్టు తల మాత్రం అడ్డంగా ఊపాను. అవ్వ నన్ను అలాగే పట్టుకొని ఏడ్చింది. పోయినేడు తాత ఒక్కడే వెళ్ళి ఎలా తిరిగొచ్చాడో ఆమెకు అప్పుడే తెలుసని, తెలిసే ఏడాదంతా ఊరుకుందని నాకు అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆమెకూ పోబుద్ధి కాలేదేమో.

వానలకు ముందే ఆ గుట్ట మీద మా ఇల్లు లేచింది. పాత ఇంటి దర్వాజా విప్పేటప్పుడు మొదటి మేకు తాతే పీకాడు. గానుగ ఆగాక బాపు వచ్చి గోడలు లేపాడు. శ్రావణంలో మా చెల్లె ఆ కప్పు కిందే పుట్టింది. తాత ఆ ఇంట్లో నాలుగేళ్ళు బతికాడు. సంతోషంగా ఉన్నాడని చెప్పలేను, అబద్ధమవుతుంది. గట్టు మీద కూర్చొని, ఏం కనబడుతుందే అని అడిగేవాడు. నేను ఓపికగా అన్నీ చెప్పేదాన్ని.

నా పెనిమిటి పోయాక, మేమిద్దరం ఉన్న కిరాయి ఇంట్లోనే నేను రెండేళ్ళు ఒక్కదాన్నే ఉండిపోయాను. తన ఇంటికి దగ్గరగా ఉంటుందని మా చెల్లె వరసగా ఇళ్ళు చూపించింది. ఒకదానికి గాలి రాదన్నాను, ఒకదానికి మెట్లు ఎక్కువన్నాను, ఒకదాని పక్కింటివాళ్ళ గొంతు పెద్దదన్నాను. అన్నీ నిజమే. ఎనిమిదో ఇంటి ముందు నిలబడి వాకిలి వంకరగా ఉందని చెప్పబోతూ నోరు మూసుకున్నాను. చెల్లె ఎండలో నిలబడి ఉంది, చెమటలు పట్టి, నేను ఏ వంక చెబుతానా అని చూస్తూ. దాని ముఖం అచ్చం ఆనాటి నా ముఖంలాగే ఉంది. ఇంటికేమీ వంక లేదే, నాకే ఆ పాత ఇల్లు విడిచి రాబుద్ధి అయితలేదు అని దానికి చెప్పాను. అది వచ్చి నా చేయి పట్టుకుంది. ఇద్దరం లోపలికి వెళ్ళి గదులు చూశాం.